బడికి రాని బిడ్డను వెదకువారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు బడిని గూర్చి ప్రసంగమేమని కొందరికి తోపవచ్చును. కాని పాఠకులు ఆకాశమునుండి ఊడిపడరు. ఒకటవ తరగతిలో కూర్చుండి పలకమీద అక్షరములు దిద్ది, నాలుగేండ్లకు ఒక బొమ్మల కథను కూడబలుకుకొని చదివిన బిడ్డయే పిదప గ్రంథాలయపు గడప త్రొక్కును. ఊరి బడి మూతబడిన నాటినుండి ముప్పది యేండ్లు లెక్కించినచో, ఆ ఊరి గ్రంథాలయపు బీరువాలు చెదలకు తప్ప మరెవ్వరికిని అక్కరకు రానివగును. కావున నేటి యుత్సవమున బడి మాట తలచుట అప్రస్తుతము కాదు.

బడి యనగానే గోడలు, గదులు, బల్లలు, ప్రహరీ, మరుగుదొడ్లు, వీనిని గూర్చి మాటలాడుట పరిపాటి. ఇవి కావలసినవే. కాని ఒకే కొలతలతో, ఒకే సొమ్ముతో, ఒకే యేడు కట్టిన రెండు బడులలో ఒకటి కళకళలాడుటయు, రెండవది వెలవెలబోవుటయు లోకమున కనబడుచునే యున్నది. ఆ భేదము సున్నములో లేదు, ఇసుకలో లేదు. ఒక బిడ్డ రెండు దినములు బడికి రానిచో ఏమయినదని అడుగువారు ఒక బడిలో కలరు; రెండవదానిలో లేరు. ఈ ప్రసంగమంతయు ఆ అడుగువారిని గూర్చినదే.

జనగామ జిల్లాలో, పాలకుర్తికి చేరువనే బమ్మెర యున్నది. భాగవతమును తెనిగించిన పోతన పేరుతో ముడివడిన ఊరది. ఆయన దశమస్కంధమందలి కుచేలోపాఖ్యానమును ఎరుగనివారు ఈ సభలో నుండరు. అటుకుల మూట సంగతి అందరును చెప్పుదురు. కాని ఆ కథలోనే మరియొక ముచ్చట కలదు. పురాణము చెప్పువారు దానిని త్వరగా దాటింతురు. ఎన్నో యేండ్లకు ఇల్లు వెదకికొని వచ్చిన బాల్యమిత్రుని చేయి పట్టుకొని శ్రీకృష్ణుడు గురుకులమునాటి ఒక రాత్రిని జ్ఞప్తికి తెచ్చును. గురుపత్ని పంపగా బాలురు కట్టెలకై అడవికి పోయిరి. గాలివాన క్రమ్మెను. చీకటి పడెను. ఏది మిట్టయో, ఏది పల్లమో, ఏది త్రోవయో తెలియలేదు. ఒకరి చేయి నొకరు పట్టుకొని రాత్రియంతయు తడిసి వణకుచు తిరిగిరి. ప్రొద్దు పొడుచునప్పటికి గురువైన సాందీపని తానే వెదకుచు అడవికి వచ్చి వారిని కనుగొనెను. తన కొరకు ఇంత కష్టపడితిరా యని కరగిపోయి దీవించెను.

గురుకులమున నేర్చిన వేదములెన్నియో, కళలెన్నియో. ద్వారక నేలుచున్నవాడు మిత్రునితో ముచ్చటించుటకు ఏరుకొన్నది మాత్రము ఆ తెల్లవారుజామున గురువు వెదకుచు వచ్చిన సంగతి. ఉపాధ్యాయ శిక్షణాలయములలో మొదటి దినమున చెప్పదగిన పాఠము ఇంతకు మించి మరియొకటి లేదు. (పిల్లలచేత కట్టెలు మోయించుట నేటి చట్టమునకు విరుద్ధమని తనిఖీకి వచ్చిన అధికారి యెవరైనను ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే. ఆ రాత్రి గురుపత్నికి కూడ నిదుర పట్టియుండదు.)

సప్తమస్కంధములోని బడి వేరు. చండామార్కులకు పాండిత్యమున లోటు లేదు. రాజాస్థానమున కొలువు, రాజకుమారుడే శిష్యుడు. కాని వారు బిడ్డ ముఖమును చూడక, బిడ్డ తండ్రి ముఖమును చూచుచు బోధించిరి. పిల్లవాడేమి తలపోయుచున్నాడో వారికి చివరివరకు అంతుపట్టలేదు. వారు ఇంటిపనులపై పోయిన వేళ ప్రహ్లాదుడు తోడి బాలురను చేరబిలిచి మాటలాడగా, ఆటలు మాని అందరును వినిరి. అదికారి మెప్పుకొరకు నడచు బడికిని, బిడ్డకొరకు నడచు బడికిని గల వ్యత్యాసమును పోతన ఆ కథలో చూపెను.

పూర్వపు వీధిబడులను గూర్చి పెద్దలు మురిపెముగా చెప్పుదురు. అరుగుమీదనో, గుడి మండపములోనో పంతులుగారు కూర్చుండెడివారు. ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. జీతము ధాన్యరూపముగా, పర్వదినములందు స్వయంపాకముగా ముట్టెడిది. దసరాకు పిల్లలు విండ్లు పట్టుకొని ఇంటింటికి తిరిగి పాటలు పాడి అయ్యవారికి మామూలు, తమకు పప్పుబెల్లములు సంపాదించెడివారు. ఆ బడిలోను రాని పిల్లవానిని వెదకుట కలదు. నలుగురు గట్టి పిల్లలను పంపి కాళ్లు చేతులు పట్టి మోయించుకొని వచ్చెడివారు. వచ్చిన పిదప కోదండము. త్రాటికి వ్రేలాడదీయుటకు ఆ పేరెవరు పెట్టిరో గాని, రామునికి దానివలన అపకీర్తియే. ఈ వెదకుటకును సాందీపని వెదకుటకును ఎంత దూరమో వేరుగ చెప్పవలసిన పనిలేదు. అప్పు తీర్చనివానికొరకు బంట్రోతు వచ్చును; తప్పిపోయిన లేగకొరకు తల్లియావు వచ్చును. మురిపెముగా చెప్పు పెద్దలు కోదండము సంగతిని నవ్వుచు చెప్పుదురు గాని, ఆ భయముతో మరల బడి మొగము చూడనివారు నవ్వుటకు మిగులలేదు. మరియొకటి. ఆ అరుగులమీదికి ఎక్కనీయని పిల్లలు ప్రతి యూరను సగముకంటె ఎక్కువమంది. ఆడుబిడ్డల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆ ఎక్కనీయని పిల్లలకై నిజాము రాజ్యమున ముందుగా నడుము కట్టినవారిలో భాగ్యరెడ్డివర్మ ఒకరు. ఆయన 1906లో హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించి, పిదప దళితుల వాడలలో పాఠశాలలు తెరపించెను. పల్లెలలో బడి నడుపుటకు అడ్డంకులు మెండు. 1924లో ఖాన్గీ పాఠశాలలపై, అనగా ప్రభుత్వమునకు చెందని బడులపై, నిబంధనలు వచ్చెను. సర్కారు అనుమతి లేక నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి చదువు చెప్పుటయు నేరమయ్యెను. నాలుగు వేలకు మించియుండిన ఖాన్గీ బడులు స్వల్పకాలములోనే వేయింటి దరికి దిగజారెను. అప్పుడే గ్రంథాలయోద్యమము బడి చేయవలసిన పనిని కొంతవరకు తన భుజముపై వేసికొనెను. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. ఆ దీపములనుండి ఊరూరను దీపములు వెలిగించిరి. పగలు పఠనమందిరము, రాత్రి వయోజనులకు అక్షరములు. బడియు గ్రంథాలయమును ఈ సీమలో ఒక తల్లి బిడ్డలని చెప్పుట అలంకారము కాదు, చరిత్ర.

వట్టికోట ఆళ్వారుస్వామి చరిత్రమే దీనికి సాక్ష్యము. ఆయన 1915లో నల్లగొండ సీమలో పుట్టెను. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, ఒక ఉపాధ్యాయుని యింట వంటచేయుచు చదువు నేర్చికొనెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. వంటయింటిలోని బాలునికి అక్షరము చెప్పవలెనని ఒక ఉపాధ్యాయునికి తోచకున్నచో తెలంగాణమునకు ఆ గ్రంథమాల దక్కెడిది కాదు. ఒక బిడ్డ బడికి ఎందుకు రాలేదని అడుగుట ఒక గుణము; అసలు బడిపేరే ఎరుగక పొయ్యియొద్ద కూర్చున్న బిడ్డను చూచుట అంతకంటె పెద్ద గుణము.

జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనే యుండెడిది. 1953లో వరంగల్లు జిల్లాలో చేరెను. గడీల వెట్టిలో పెద్దలతోపాటు పిల్లలకును వంతుండెడిది. పశువుల కాపరిగా జీతమునకు కుదిరిన ఎనిమిదేండ్ల బాలుని ఏ హాజరు పట్టీయు లెక్కించలేదు. దొర పశువులకు మాత్రము లెక్క కలదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిన నాటి పోరాటము భూమికొరకు, వెట్టి తొలగుటకొరకు జరిగినదని చదువుకొనుచున్నాము. వెట్టి తొలగిన పిమ్మట ఆ పశువుల కాపరి పిల్లలే పలకలు పట్టిరి. మానుకోట సీమలోని చినగూడూరున పుట్టిన దాశరథి రంగాచార్యుల నవల ‘చిల్లర దేవుళ్లు’ ఆనాటి పల్లె యెట్లుండెనో చెప్పును. ఈ గ్రంథాలయమున దానిని చదువనివారు చదువవలెను. 1959లో పంచాయతీ సమితులేర్పడినపుడు పల్లెబడుల భారము వానిపై పడెను. ‘సమితి బడి’ యను మాట ముసలివారి నోట ఇప్పటికిని వినబడుచున్నది. ఒకే పంతులు, అయిదు తరగతులు, వానకు కారు కప్పు. అట్టి బడులలో చదివినవారు ఈ సభలో పెక్కుమంది కలరు.

చరిత్ర యింతటితో చాలును. నేటి బడిలో వెదకువారెవరో చూతము.

హాజరు పట్టీతో ఆరంభింపవలెను. లెక్కలు వ్రాయువారు దానిని మొత్తము వేసి మూసివేయుదురు. కాని చదువ నేర్చినవానికి హాజరు పట్టీ పంచాంగమువంటిది. జూన్ నెల నడుమ బడి తెరచునాటికి పేర్లన్నియు నిండుగ నుండును. జూలైలో పత్తి గింజలు పెట్టునపుడు తల్లులు చేనికి పోవుదురు. మూడవ తరగతి బాలిక చెల్లెలిని ఎత్తుకొని యింట నిలుచును. పట్టీలో ఆమె పేరునకెదురుగా గైరుహాజరు గుర్తులు వరుసగా పడును. బతుకమ్మ సెలవుల తరువాత పత్తి తీతలు. కూలీలు దొరకని కాలమున చిన్నచేతులు పత్తికాయలోనికి సులువుగ పోవునని పెద్దలకు తెలియును. రెండేండ్లకొకసారి మేడారము జాతర వచ్చును. ఆ వారము ఊళ్లే ఖాళీ. దానికి విచారింపనక్కరలేదు, సమ్మక్క సారలమ్మలు పిల్లలను మరల పంపుదురు. ఫిబ్రవరినుండి మిరపకోతలు. మానుకోట సీమలో ఎర్రని కల్లములు చూచుటకు వేడుక. ఆ మంట చేతులతో పలక పట్టుట వేడుక కాదు. భూపాలపల్లి అడవిపల్లెలలో మార్చి, ఏప్రిల్ నెలలందు తెల్లవారకమునుపే ఇప్పపూవు ఏరుటకు పోవుదురు. రాలిన పూవు ప్రొద్దెక్కకముందే ఏరవలెను. పిమ్మట తునికాకు. అప్పటికి బడికి వేసవి సెలవులు వచ్చును.

ఇట్లు ఒక పట్టీలో ఊరి సేద్యము, కూలి, అప్పు, జబ్బు, వలస అన్నియు వ్రాయబడియున్నవి. ఇటీవల పిల్లల ముఖమును ఫోనుకు చూపి హాజరు వేయు పద్ధతి వచ్చెను. యంత్రము మంచిదే; లేని పిల్లవానిని ఉన్నట్లు వ్రాయదు. కాని బిడ్డ రాలేదని మాత్రమే యంత్రము చెప్పును. ఎందుకు రాలేదో సాయంకాలము ఆ వాడకు పోయి, గడపయొద్ద నిలుచుండి, “ఏమమ్మా, బిడ్డ రెండొద్దుల సంది బడికొస్తలేదు, పానం బాగలేదా?” యని అడిగిన మనిషియే తెలిసికొనగలడు. అట్లడుగు ఉపాధ్యాయులు ఈ మూడు జిల్లాలలోను కలరు. వారి పేర్లు పత్రికలలో రావు. వారు అడుగు తీరులోను నేర్పున్నది. ఎందుకు పంపలేదని అడిగినచో తల్లి తల వంచుకొనును; బాగున్నదా యని అడిగినచో తల్లి చెప్పును. ఈ చిన్న భేదమున ఒక బిడ్డ చదువు నిలుచునో, జారునో తేలిపోవును.

ఉపాధ్యాయునికంటె ముందు తెలిసికొను మనిషి బడిలో మరియొకరు కలరు. ఆమె వంట చేయు తల్లి. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు ననుసరించి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టుట రాష్ట్రముల బాధ్యత యయ్యెను. ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో ఇది మొదలాయెను. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ముప్పదిమంది బిడ్డలకు మూడు కిలోల బియ్యము, ఆరువందల గ్రాముల పప్పు. కాగితముమీద లెక్క సరిగ్గా తెగును. కాని పొయ్యిముందు కూర్చున్న తల్లికి మరియొక లెక్క తెలియును. సోమవారమునాడు రెండవసారి అన్నమడుగు బిడ్డ ఎవరో, గ్రుడ్డు తినక జేబులో దాచుకొని తమ్మునికి తీసికొనిపోవు బిడ్డ ఎవరో, ప్రతిదినము లొట్టలు వేయుచు తినునది నేడెందుకు కంచము ముట్టలేదో ఆమెకు తెలిసినంతగా ప్రధానోపాధ్యాయునికి తెలియదు. ఆ యెరుకకు జీతము లేదు. పనికి కూడ చాలకాలము నెలకు 1,000 రూపాయల గౌరవవేతనమే. తెలంగాణములో పిదప దానిని 3,000 చేసిరి. ఆ సొమ్మును, సరకుల బిల్లును సకాలమున అందక, కిరాణా కొట్టులో తన పేర అప్పువ్రాయించి బిడ్డలకు వండిన తల్లులు పెక్కుమంది. ప్రభుత్వపు పద్దులో అది బకాయి. ఆమె పద్దులో వడ్డీ.

2004 ఏప్రిల్ 20న వచ్చిన మరియొక ఉత్తరువులో వంటకు దళిత, గిరిజన స్త్రీలకు ప్రాధాన్యమీయవలెనని కోర్టు చెప్పెను. ఎవరు వండిరో, ఎవరి ప్రక్కన కూర్చుంటిమో ఎంచని పంక్తి ఊరిలో ఎక్కడ నున్నదని అడిగినచో, నిజాయితీగా చూపదగినది బడి వరండా యొక్కటే. పెద్దల విందులలో అట్టి పంక్తి నేటికిని అరుదు. ఆ వరండాలో అయిదేండ్లు కలిసి తిన్న పిల్లలు పెరిగి పెద్దవారై ఊరి చెరువుగట్టుమీద మరల విడివిడిగా కూర్చుండుట చూచినపుడు, తప్పు బడిది కాదని మాత్రము తెలియును.

అన్నము సంగతి వచ్చినది కావున జపాను దేశపు బడి నొకదానిని తలచుట ఉచితము. టోక్యోలో కొబయాషి యను ఉపాధ్యాయుడు 1937లో, వాడుక తీరిన రైలు పెట్టెలనే తరగతి గదులుగా చేసి, ఒక బడి నడిపెను. వేరొక బడినుండి పంపివేయబడిన చిన్నపిల్ల యొకతె అచటికి రాగా, ఆయన ఎదుట కూర్చుండి ఆమె చెప్పునదంతయు గంటలకొలది వినెను. నీకేమి వచ్చునని అడుగలేదు. ఏమి చెప్పదలచితివో చెప్పుమనెను. మధ్యాహ్నము ప్రతి బిడ్డ డబ్బాలోను సముద్రమునుండి వచ్చినదొకటి, కొండనుండి వచ్చినదొకటి ఉన్నవో లేవో చూచెడివారు. ఏదైన కొదువయైనచో ఆయన భార్య తన గిన్నెలోనుండి వడ్డించెడిది. పేదబిడ్డకు చిన్నతనము లేకుండ, ధనికుని బిడ్డకు గొప్ప లేకుండ. 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోయెను. ఆ చిన్నపిల్ల పెద్దదై వ్రాసిన పుస్తకము తెలుగులో ‘రైలుబడి’ యను పేర వచ్చెను. భవనము కాలిపోయి ఎనుబదియేండ్లు దాటినను, వినిన మనిషిని లోకము మరువలేదు.

వినవలెనన్నచో భాష తెలియవలెను. మానుకోట జిల్లా జనులలో మూడింట ఒక వంతుకు మించి గిరిజనులు. వారిలో లంబాడీలే హెచ్చు. తండానుండి వచ్చిన అయిదేండ్ల బిడ్డ యింట ‘యాడి’ యని తల్లిని పిలుచును. బడిలో ‘అమ్మ’ యని చదువవలసివచ్చును. పంతులు చెప్పిన మాట తెలియక ఊరకుండిన బిడ్డను మందబుద్ధి యని వ్రాయుట ఎంత సులువు! భూపాలపల్లి అడవులలో కోయ పిల్లల సంగతియు ఇంతే. ఛత్తీసుగఢమునుండి వచ్చి గూడెములు కట్టుకొన్న గుత్తికోయల బిడ్డలకు తెలుగు మరింత దూరము. పాలకుర్తిలో పుట్టిన సోమనాథుడు పండితులు మెచ్చు భాషను ఎరిగియు, బసవపురాణమును ద్విపదలో జాను తెనుగున రచించెను. వినువాని నోటనున్న మాటయే వానికి తలుపు తెరచునని ఆయనకు తెలియును. ఆ మాటను బడికి అన్వయించి చూపినవాడు పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి. కొండమీది సవరల భాషను ఆయన నేర్చికొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టించెను. వ్యావహారిక వాదమున ఆయనతో నేటికిని తగవులాడు గ్రాంథికాభిమానులు కలరు. ఈ యొక్క పనికి వారును చేతులెత్తవలసినదే. 2004 తరువాత ఆంధ్రప్రదేశమున కోయ, లంబాడీ మొదలగు ఎనిమిది భాషలలో మొదటి తరగతులకు పుస్తకములు చేసిరి. పుస్తకము వచ్చుట ఒకటి. ఆ మాట పలుకు పంతులు వచ్చుట వేరొకటి. లంబాడీ మాటలు నాలుగు నేర్చుకొని మొదటి వారమంతయు వానితోనే గడుపు ఉపాధ్యాయురాలున్న తండా బడిలో పిల్లలు ఏడ్వరు.

ఇక ఊరివారు. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ నేర్పరచెను. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు. చట్టములో మరియొక మాట యున్నది. దానిని చాలమంది గమనింపరు. ఊరిలోని పదునాలుగేండ్లలోపు బిడ్డలందరి లెక్కను ఉంచుట స్థానిక సంస్థ విధి. అనగా ఏ బిడ్డ బడిలో నున్నది, ఏ బిడ్డ లేదు అనునది పంతులొక్కడు కాదు, పంచాయతీ యెరుగవలెను. భూముల లెక్క సెంటుతో సహా ఉండును. బిడ్డల లెక్క ఎన్ని ఊళ్లలో నున్నది? 2024లో తెలంగాణములో మహిళా సంఘముల పెద్దలు అధ్యక్షులుగా అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. మంచినీరు, కరెంటు, మరుగుదొడ్లు, మరమ్మతులు వారి చేతిమీదుగ జరిగినవి. పొదుపు పుస్తకములు వ్రాసి, వాయిదా తప్పిన యింటికి పోయి మాటలాడి నేర్చిన చేతులవి. వాయిదా తప్పిన యింటికి పోవుటెట్లో తెలిసినవారికి, బడి తప్పిన యింటికి పోవుట నేర్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది మంచి మాట. ఇప్పుడు చేదు మాట.

2024-25 విద్యాసంవత్సరమున దేశములో ఒక్క విద్యార్థియు చేరని పాఠశాలలు 7,993 అని కేంద్రప్రభుత్వ విద్యాశాఖ లెక్క. అందు తెలంగాణములోనివి 2,245. పశ్చిమ వంగమును విడిచినచో ఇంతటి సంఖ్య మరి యే రాష్ట్రమునను లేదు. ఆ బడులలో కొన్నిటికి గోడలకు రంగులు వేసిరి, నల్లబల్ల యున్నది, గంట యున్నది, కొట్టినను వచ్చువారు లేరు. పిల్లలేమైరి? ఉదయము ఏడున్నరకు ఊరి కూడలియొద్ద నిలుచున్నచో జవాబు తెలియును. పచ్చబస్సు వచ్చును. టై కట్టుకొని, బరువైన సంచులు మోయుచు పిల్లలు ఎక్కుదురు.

పచ్చబస్సు ఎక్కించిన తల్లిదండ్రులను నిందించుట సులభము, అన్యాయము. కూలి చేసిన డబ్బుతో ఫీజు కట్టు తల్లి బిడ్డమీది ప్రేమతోనే కట్టుచున్నది. ఇంగ్లీషు కావలెనని ఆమె కోరిక. 2022-23నుండి ప్రభుత్వ బడులలోను ఇంగ్లీషు మాధ్యమము వచ్చెను, పుస్తకములో ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషు అచ్చువేసిరి. అయినను బస్సు నిండుగనే పోవుచున్నది. ఎందుకు? అయిదు తరగతులకు ఒక్క పంతులో, ఇద్దరో ఉన్న చోట తల్లికి నమ్మకము కుదరదు. నమ్మకము లేక పిల్లలు పోవుదురు. పిల్లలు తగ్గిరని పంతులును మరియొక చోటికి పంపుదురు. పంతులు పోయెనని మిగిలినవారు పోవుదురు. చెరువుకట్టకు గండి పడినట్లే. గండి చిన్నదిగ నున్నపుడు మట్టి తట్టలు నాలుగు చాలును.

ఈ గండివలన ఊరిలో మిగులువారెవరు? బస్సు ఫీజు కట్టలేనివారు, అన్నను పంపి చెల్లెలిని పంపనివారు, కోతల కాలమున వలస వచ్చినవారు. వారి బిడ్డలకు ఊరి బడి తప్ప మరి దిక్కు లేదు. ఆ బడియు మూతబడినచో, ఆ బిడ్డ పేరు ఏ పట్టీలోను ఉండదు. పేరున్న బిడ్డ రానిచో వెదకుదురు. పేరే లేని బిడ్డను వెదకుటకు ఎవరును బయలుదేరరు. గడీల కాలపు పశువుల కాపరి బాలుని సంగతి మరల అచటికే వచ్చును.

కావున గ్రంథాలయ కార్యవర్గమువారి యెదుటను, చందాదారుల యెదుటను కొన్ని పనులు ఉంచబడుచున్నవి. ఇవి సర్కారుకు అర్జీలు పెట్టవలసినవి కావు. అర్జీలు వేరుగ పెట్టవచ్చును.

మొదటిది, ఊరి బిడ్డల లెక్క. వాడవాడకు ఇద్దరు చందాదారులు, ఒకరు తప్పక స్త్రీ, పుట్టినదాది పదునాలుగేండ్లవరకు ప్రతి బిడ్డ పేరు వ్రాయవలెను. పచ్చబస్సు ఎక్కువారివియు వ్రాయవలెను. వారును ఊరి బిడ్డలే. కోతలకు వచ్చిన వలస కుటుంబములవారి బిడ్డల పేర్లను విడువరాదు. ఆ పుస్తకము పంచాయతీలో ఒకటి, బడిలో ఒకటి, గ్రంథాలయములో ఒకటి.

రెండవది, వంట చేయు తల్లుల సంగతి. బిల్లులు ఆగిన నెలలలో వారు వడ్డీకి తేకుండునట్లు, గ్రంథాలయ నిధినుండి కాదు, ఊరి పెద్దరైతులు కొందరు కూరగాయలు, పప్పు బదులిచ్చి, బిల్లు వచ్చినపుడు తీసికొనుట కష్టము కాదు. ఇందుకు ఎవరు ముందుకు వత్తురో సభానంతరము చెప్పవచ్చును.

మూడవది గ్రంథాలయము సొంతముగ చేయదగినది. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ నెల చివరివరకు, మిరప చేలనుండి తల్లులు చీకటిపడినగాని రారు. బడి వదలిన పిల్లలు అప్పటివరకు వీధిలో తిరుగుదురు, లేదా చేనికే పోవుదురు. చేనికి పోయిన పిల్లవాడు మరునాడు ఉదయమే పోవుట నేర్చును. ఆ మూడు నెలలు సాయంకాలము అయిదునుండి ఎనిమిదివరకు గ్రంథాలయపు ముందుగది తెరచియుంచి, బాలల బీరువాకు తాళము తీసి, దినమునకు ఇద్దరు చొప్పున కూర్చుండవలెను. పాఠములు చెప్పనక్కరలేదు. కథ చదివి వినిపించిన చాలును. చదువ వచ్చిన పిల్లయే రాని పిల్లకు చదివి వినిపించుట ఇంకను మేలు. ఉడికించిన శనగలు పిడికెడు. ఎనిమిదికి ప్రతి బిడ్డను యింటి గడపవరకు దిగబెట్టవలెను. ఏ దినమున ఏ బిడ్డ రాలేదో ఆ ఇద్దరును వ్రాసి మరునాడు బడికి పంపవలెను.

కరెంటు పోయినపుడు వెలుగునకు దీపములు రెండు కొనవలెను. వాని ఖర్చు రజతోత్సవ నిధిలో మిగిలినదానిలో సరిపోవును. వంతుల పట్టికను కార్యదర్శిగారు గోడకు అంటింతురు. ముందుగది తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో మాత్రము నేటి సభలోనే తేల్చుట మంచిది.